బొల్లాపల్లి కోటమ్మ

షాహీన్ భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కిపెట్టి, ఒక చేత్తో మౌసు కదుపుతూ, ఇంకో చేత్తో చల్లారిన టీ తాగుతోంది. నరసరావుపేటలోని ఆ ఉచిత కంటి ఆసుపత్రిలో చేరిన నాటినుంచీ ఆమె మెడ కాస్త పక్కకి వంగిపోయింది. శుక్లాల ఆపరేషనుకు ఎవరి వంతు వచ్చిందో ఎక్సెల్‌లో చూసి కబురు చేయడం ఆమె పని. ఆమె ఫోను చేస్తేనే ఊరికి బండి వెళుతుంది. మొగుడు వదిలేసినా, తల్లి మంచాన పడినా ఈ కుర్చీలోనే కూర్చుని ఓర్చుకుంది. నలుగురికి చూపు తెప్పిస్తున్నానన్న తృప్తే ఆమెకు మిగిలిన ఆస్తి.

పొద్దున కంప్యూటర్లు చూసే గోపీనాథ్ వచ్చి ఏదో మార్చాడు.

"మేడం, మీరు ఊరూ పేరూ కొడితే ఫోన్నంబరు వచ్చేది గదా. ఆ పాత ఫార్ములా మొదటి మనిషి దొరకంగానే ఆగిపోద్ది. ఇప్పుడు ఆ పేరుతో ఎంతమందుంటే అంతమందీ వస్తారు."

ఇది పల్నాడాయె. కోటప్పకొండకు మొక్కుకుని కన్న బిడ్డకు స్వామి పేరు పెట్టకపోతే కళ్లు పోతాయంటారు. రాయి విసిరితే కోటయ్యకో కోటమ్మకో తగలాల్సిందే.

షాహీన్ నోటికొచ్చిన పేరు కొట్టింది. బొల్లాపల్లి, కోటమ్మ. పోయిన వేసవిలో ఫోను చేస్తే, "నాకు అయిపోయింది గదమ్మా, ఇప్పుడు బియ్యంలో రాళ్లు కూడా ఏరతన్నా" అని నవ్విన మనిషి. షాహీన్ కూడా నవ్వి, ఆ వంతుకెదురుగా 'అయిపోయింది' అని రాసేసింది.

తెరమీద ఇద్దరు కోటమ్మలు వచ్చారు. రెండో ఆమె పెదకోటయ్య భార్య. రెండు కళ్లకూ శుక్లాలు. ఆ వేసవి వంతు ఈమెది.

షాహీన్ ఆ పేరు పక్కనున్న నంబరు చూసింది. వెంటనే ఫోను చేసింది.

"బాబాయ్, కంటాసుపత్రి నుంచి. పిన్నిని రేపు తీసుకెళ్తాం, బండి పంపిస్తా."

అవతల మేకలు అరుస్తున్నాయి. పెదకోటయ్య వాటిని అదిలించాడు.

"కోటమ్మ పోయి చానా నెలలైందమ్మా. దొడ్లోకి పోతా, గట్టు కనపడక బావిలో పడింది."

ఆ గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండునని షాహీన్‌కు అనిపించింది.

"రోజూ అడిగేది, ఫోను మోగిందా అని. పక్కవీధి కోటమ్మకు రెండోసారి కూడా వచ్చిందంట. నాదీ ఆ పేరేగదా, నన్నెందుకు పిలవరయ్యా అనేది."

"తప్పు నాదే బాబాయ్. నేనే చూసుకోలేదు," అని షాహీన్ బల్లమీద తల వాల్చి ఏడ్చేసింది.

"ఏడవమాకమ్మా," అన్నాడు ముసలాయన. "దాని సంచి ఒక్కటి తీయలేకపోతన్నా."

ఆసుపత్రికని సర్దుకున్న సంచి ఇంకా గుమ్మం పక్కన మేకుకే ఉందట. అందులో ఉతికిన చీర, స్టీలు కంచం, కట్టు విప్పాక మొహం చూసుకుంటానని పెట్టుకున్న చిన్న చేతి అద్దం.