పగలని బెలూన్లు

నా నోరు మంచిది కాదు. ఆ సంగతి మా సెలూన్‌కి వచ్చేవాళ్ళందరికీ తెలుసు, మా ఆయనకి ఇంకా బాగా తెలుసు. అలాంటిది ఐదు నెలల క్రితం, "ప్రాణగండం గడిచిందమ్మా, చెయ్యి సంగతి మెల్లగా చూద్దాం" అని డాక్టరు చెప్పినప్పుడు ఆ నోటికి ఒక్క మాట దొరకలేదు. ఆస్పత్రి వరండాలో చేతులు జోడించి అలాగే నిలబడిపోయాను. పక్షవాతం ఆయన కుడివైపంతా పడేసింది. గడ్డాలు గీసి బతికే మనిషికి కుడిచెయ్యి పోతే ఏం మిగులుతుందని అందరూ జాలిపడ్డారు. మనిషి మిగిలాడు కదా, నాకది చాలనుకున్నాను.

షాపు ముందుగది, ఇల్లు వెనకగది. పొద్దున్నే దేవుడికి దండం పెట్టి, ఆయన చెయ్యి నూనెతో మర్దన చేసి, షాపు తలుపు తీసేదాన్ని. మిషన్‌తో జుట్టు కత్తిరించడం ఆయన్ని చూసి నేర్చుకున్నాను. గడ్డాల జోలికి మాత్రం పోలేదు.

మూడో నెలలో ఆయన లేచి నడిచాడు. వేళ్ళు కదిలాయి. దేవుడికి ఎన్ని దండాలు పెట్టానో లెక్కలేదు. ఆ సాయంత్రమే ఆయన గడ్డం కత్తి తీసి, దుప్పటి మడతల్లో చుట్టి పెట్టె అడుగున దాచేశాను. టీ కప్పు పట్టుకుంటే సగం ఒలికే చెయ్యి అది. రేపు ఎవరి గొంతు మీదైనా జారితే? ఆ మనిషికేమవుతుందో గానీ, ఈయన మళ్ళీ లేవడు. అడిగితే సానకిచ్చానని చెప్పాను.

ఆదివారం ఆదివారం లెక్కల మాస్టారు వచ్చేవారు. ఇరవై ఏళ్ళుగా ఆయన గడ్డం మీద మా ఆయన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. పేపరు చదువుకుంటూ కూర్చుని, గుబురుగా పెరిగిన గడ్డం నిమురుకుంటూ, "త్వరగా బాగుచెయ్యమ్మా మీ ఆయన్ని. ఇంకో నెలైతే సన్యాసిననుకుని జనం నా కాళ్ళకి మొక్కుతారు" అనేవారు.

ఇక బెలూన్ల సంగతి. మూతి వంకర తగ్గడానికి బెలూన్లు ఊదించమని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. ప్యాకెట్లకి ప్యాకెట్లు కొన్నాను. రోజూ చెత్తబుట్టలో ఏడెనిమిది పేలిన ముక్కలు కనిపించేవి.

"ఊదమన్నారు గానీ పేల్చమన్నారా? కాస్త ఊపిరి మిగుల్చుకోండి" అని కసిరేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. లోపల మాత్రం, ఇంత ఊపిరి ఇచ్చావు స్వామీ అని మురిసిపోయేదాన్ని.

తర్వాత ముక్కలు తగ్గాయి. ఐదు, మూడు, ఒకటి. చివరికి ఒక్కటీ లేదు. ఊపిరి తగ్గిపోతోందేమోనని భయం పట్టుకుంది. కూరగాయలకని బయల్దేరినదాన్ని, మధ్యలోనే వెనక్కి వచ్చేశాను.

ఆయన షాపులో అద్దం ముందు నిలబడి ఉన్నాడు. ఎడమచేతిలో ఎర్ర బెలూన్, దాని నిండా సబ్బు నురగ. కుడిచేతిలో మా మామగారి పాత కత్తి. గీసినచోటల్లా నురగ పోయి ఎరుపు తేలుతోంది. బెలూన్ పగల్లేదు.

"ఎన్నాళ్ళ నుంచీ ఈ వేషాలు?"

ఆయన కత్తి మడిచి పక్కన పెట్టాడు. "నువ్వు నా కత్తి దాచిన మర్నాటి నుంచి. ఒక్కటైనా పగిలి పదిహేను రోజులైంది."

"సానకిచ్చానని చెప్పాగా."

"రెండు నెలలు సాన పట్టడానికి అది కత్తా, గునపమా?"

నాకు ఒళ్ళు మండింది, పట్టుబడ్డాను కాబట్టి. నోరు తెరిచేలోపే ఆయన మెల్లగా అన్నాడు.

"నా చెయ్యి బాగుచేశాడని రోజూ దేవుడికి దండం పెడతావు. మరి ఆయన బాగుచేసిన చేతిని నువ్వెందుకు నమ్మవే?"

ఆస్పత్రి వరండా తర్వాత నా నోరు మూతపడింది మళ్ళీ అప్పుడే.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ కుర్చీ తుడిచానే గానీ, ఒక్కనాడూ అందులో కూర్చోలేదు. వెళ్ళి కూర్చున్నాను. జడ ముందుకు వేసుకుని తల వంచాను.

"మెడ వెనక నూగు తీయండి."

"నీకెందుకే?"

"బెలూన్లు అయిపోయాయి."

ఆయన నా మెడకి గుడ్డ చుట్టాడు, నురగ రాశాడు. కత్తి ఎత్తిన చెయ్యి గాలిలో వణకడం అద్దంలో ఓరగా చూశాను. కళ్ళు మూసుకున్నాను. అంచు చర్మానికి తగిలింది. వణుకు ఆగిపోయింది. ఎప్పుడూ దేవుణ్ణి ఏదో ఒకటి అడిగే నేను, ఆ కాసేపూ ఏమీ అడగలేదు. కన్నీళ్ళు మాత్రం కారిపోయాయి.

చివర్లో చెవి కింద చురుక్కుమంది. ఆయన చెయ్యి ఆగిపోయింది. కళ్ళు తెరిస్తే అద్దంలో ఆయన ముఖం పాలిపోయి ఉంది. చిన్న రక్తపు బొట్టు.

"పటిక రాయండి" అన్నాను. "చెయ్యి బాగున్న రోజుల్లో మాత్రం ఎవరికీ గీరుకోలేదా? షాపులో పటిక ఎందుకు పెట్టుకున్నారు మరి?"

రాశాడు. మండింది. లేచి వెనకగదిలోకి వెళ్ళి, పెట్టె అడుగు నుంచి కత్తి తెచ్చి ఆయన కుడిచేతిలో పెట్టాను.

"సాన నుంచి వచ్చింది" అన్నాను. "ఆదివారం మాస్టారొస్తారు."