హనుమంతుకు రాని జ్వరం

నాగప్ప సారు పోయిన పన్నెండో రోజు నాగర్‌కర్నూలు బడిలో సంతాపసభ పెట్టారు. సారు లేని సభ నిస్సారమైపోతుందని భయపడి, నోరున్నవాణ్ణని నన్ను మాట్లాడమన్నారు. తిమ్మాజిపేట నుంచి బండి కట్టించుకొని వచ్చాను.

సారు మా డ్రిల్లు మాస్టరు. బాస్కెట్‌బాల్ పేరు కూడా తెల్వని ఊళ్లో, మోటబొక్కెన మూతికి బిగించే ఇనుప కట్లు రెండు తెచ్చి, గుంజలకు కొట్టి ఆడించాడు. ఆట ముగిశాక అందర్నీ వరసగా కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టేవాడు. మా పక్కనే హనుమంతు. నల్లమల చెంచుపిల్లగాడు, సారే తెచ్చి ఇంట్లో ఉంచుకొని చదివించాడు. "ఆడే బంతీ ఒకటే, తినే బంతీ ఒకటే" అని నేనంటే సారు పడీపడీ నవ్వేవాడు.

హనుమంతు విసిరితే బంతి కట్టుకు తగలకుండా లోపల పడేది. నేను విసిరితే కట్టుకు తప్ప అన్నిటికీ తగిలేది.

పందొమ్మిది వందల ముప్పై ఆరులో పాలమూరు పోటీకి బయల్దేరే ముందురోజు సారు నన్ను పిలిచాడు. "హనుమంతుకు జ్వరం. నువ్వాడు."

ఆ పొద్దున్నే హనుమంతు కావడితో నీళ్లు మోస్తుంటే చూశాను. అసలు సంగతీ తెలుసు. పాలమూరులో మాకు భోజనం పెట్టే పెద్దమనిషి, చెంచోడు బంతిలో కూర్చుంటే వంటవాళ్లు గరిటెలు కింద పెట్టేస్తారని కబురంపాడు. ఆ కబురు మోసుకొచ్చింది మా మేనమామే.

ఆడాలన్న ఆశ. నోరు మూసుకున్నాను. గెలిచాం. కప్పు తెచ్చాం, తప్పు కప్పాం. హనుమంతు మళ్లీ బడికి రాలేదు.

సభలో వకీలు వెంకటయ్య, "మా సారుకు కులభేదం తెల్వదు" అన్నాడు. అందరూ తలలూపారు. వెనక గోడకానుకొని హనుమంతు నిలబడి ఉన్నాడు. ఊపలేదు. లేచి వాడి దగ్గరికి పోయాను.

"ఏంరా, గింత బొర్ర పెంచినవ్. బంతి మింగినవా ఏంది?" అన్నాడు నన్ను చూసి.

"హన్మంతు, ఇయ్యాల ఆ జ్వరం సంగతి నేను చెప్తరా."

"చెప్పు. మిగిలింది గూడ చెప్పు. పోయినేడు సారు మన్ననూరు దాటి అడవిల నడుసుకుంట నా గుడిసెకొచ్చిండు. పొద్దుగూకేదాంక ముంగట కూసున్నడు. నేను గుట్ట మీదికెంచి చూస్తున్న. దిగలే."

"ఎందుకురా?"

"ఏమో. ఇంకోపారి వస్తడు, అప్పుడు మాట్లాడుదమనుకున్న."

నా పేరు పిలిచారు. రాసుకొచ్చిన కాగితం జేబులోంచి తీయలేదు. జ్వరం లేదన్నాను. ఆ భోజనం సంగతి, వాడి చోట్లో నేను ఆడిన సంగతి చెప్పాను.

వకీలు గట్టిగా దగ్గాడు. "పోయినాయన మీద గియ్యేం మాటలయ్యా" అన్నాడెవరో.

"మా అందర్నీ మనుషుల్ని చేసినాయన. ఒక్కసారి జంకాడు. నేను జంకలేదు, లాభపడ్డాను" అన్నాను. తర్వాత, సారు ఆ ముసలితనంలో అడవికి నడిచిపోయి గుడిసె ముందు కూర్చున్నాడని మొదలుపెట్టాను. అక్కడ ఆగి హనుమంతు వైపు చూశాను.

వెనకనుంచి హనుమంతే అందుకున్నాడు.

"ఆ దినం ఎండ మస్తుగుండె. నీడకు రమ్మని గూడ అనలే నేను."