ఊరికే వచ్చే మనిషి

చచ్చిపోయి నెల తిరక్కముందే వసపిట్ట మళ్లీ రావడం మొదలుపెట్టింది. దీపాలు పెట్టే వేళకు గుమ్మం దాటి వచ్చి, దర్జీ పిన్ని కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చునేది. బతికుండగా వచ్చే వేళా అదే, కూర్చునే చోటూ అదే. తేడా ఒక్కటే. వాగుడు భరించలేక అందరూ వసపిట్ట అని పేరు పెట్టిన మనిషి, ఇప్పుడు ఒక్క ముక్క మాట్లాడదు. కింద రాలిన దారప్పోగులు ఏరి ఒళ్లో వేసుకుంటుంది.

పిన్నికి గుండెలు జారిపోయాయి. పోయినవాళ్లు తీరని కోరిక ఉంటేనే వస్తారని లోకం అంటుంది. లోకం మాటంటే పిన్నికి వేదవాక్కు. కుట్టకుండా మిగిలిపోయిన జాకెట్టు కోసమేమో అనుకుని, హుక్కులతో సహా కుట్టి స్టూలు మీద పెట్టింది. వసపిట్ట దాన్ని పక్కకు జరిపి కూర్చుంది. టీ పెట్టిస్తే చల్లారిపోయింది. కొంపదీసి నన్ను తీసుకుపోవడానికి కాదు గదా అన్న భయం పట్టుకుంది. ఇక కుట్టు తిన్నగా పడితే ఒట్టు.

ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగేసింది.

"ఏం కావాలే నీకు? ఏ పని మీద వస్తున్నావో చెప్పి పుణ్యం కట్టుకో!"

వసపిట్ట ముఖం చిన్నబోయింది. ఒళ్లోని పోగులు దులుపుకుని లేచి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పీడ విరగడైందని సంతోషించాల్సిన పిన్నికి చేతిలో సూది ఆడలేదు.

అవతలి గదిలో కోడలు ట్యూషను పిల్లలకు ఇంగ్లీషు చెబుతోంది.

"హ్యాంగవుట్ అంటే నచ్చినవాళ్లతో కాలక్షేపం చేయడం. అలా ఎప్పుడూ చేరే చోటును కూడా హ్యాంగవుట్ అంటారు."

"అక్కడికెళ్లి ఏం చేస్తారు టీచర్?"

"ఏమీ చేయకపోయినా సరే. మనిషి కోసం వెళ్తారు, పని కోసం కాదు."

పిన్ని కత్తెర కింద పెట్టింది. ఇన్నేళ్ల స్నేహంలో ఎప్పుడూ వసపిట్టే వచ్చేది. తనకు కుట్టుపని తెమిలేది కాదు. శవాన్ని చూడ్డానికి తప్ప ఒక్కనాడూ దాని గడప తొక్కిన పాపాన పోలేదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. చెప్పులేసుకుని బయల్దేరింది.

తలుపు తీసిన వసపిట్ట కొడుకు కంగారుపడ్డాడు.

"ఏంటి పిన్నీ, ఇలా వచ్చావు? ఏమైనా కావాలా?"

పాపం, మర్యాదగానే అడిగాడు. అయినా పిన్నికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఇంత మాటతోనే గదా దాన్ని గెంటేశాను అనుకుంది.

"ఏమీ వద్దు నాయనా. కాసేపు కూర్చుని పోతా."

అతను నమ్మలేదు. "కోడలితో పడలేదేమో" అని లోపల భార్యతో గుసగుసలాడాడు. పిన్ని వినీ విననట్టు వరండా బల్ల మీద ఓ కొసకు జరిగి, పక్కన మనిషి పట్టేంత చోటు వదిలింది. చీకటి చిక్కబడేదాకా అలాగే కూర్చుంది. వసపిట్ట రాలేదు.