మార్లా చదివిన ఓట్లు

బడి వ్యాయామశాల సభకొచ్చిన జనంతో నిండిపోయింది. మార్లా వోజిక్ తలుపు పక్కన, గోడకు ఆనుకుని కూర్చుంది. ఇరాక్ యుద్ధం నుంచి తిరిగొచ్చాక, వెనక మనుషులుంటే ఆమెకు ఊపిరాడదు. మాజీ సైనికులకిచ్చే సాయంతో ఆమె నర్సింగు చదువుతోంది. ఆ సాయాన్ని కోసేసే బిల్లు వచ్చే వారం ఓటుకు రానుంది.

వేదిక మీద అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో సభ్యుడైన హాల్డెన్, "సైనికుల పక్షాన నేనెప్పుడూ నిలబడ్డాను!" అన్నాడు. చప్పట్లు దద్దరిల్లాయి.

ఆ మోతకే మార్లాకు చెమటలు పట్టాయి. అయినా లేచింది. హాల్డెన్ పాత ఓట్లు రాసుకున్న కాగితం విప్పింది.

"కూర్చోవమ్మా, ఆయన్ని మాట్లాడనీ!" ఎవరో కసిరారు.

పక్కనున్న ముసలి సైనికుడు ఆర్లో ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "నేనున్నాగా. చదువు తల్లీ."

"మా చదువులకు సాయమిచ్చే బిల్లులు ఐదుసార్లు ఓటుకొచ్చాయి సార్," అంది మార్లా. "నాలుగుసార్లు మీరు వద్దన్నారు. ఐదోసారి ఓటెయ్యడానికి మీరు అసలు రానేలేదు. తేదీలు చదవమంటారా?"

 

"ఆ బిల్లుల్లో వేరే సంగతులు కూడా ఉన్నాయమ్మా," హాల్డెన్ నసిగాడు.

"చదవనీ ఆ పిల్లని!" వెనకనుంచి ఒకామె అరిచింది.

మార్లా ఐదు తేదీలూ చదివింది. చదవడం అయిపోగానే కాగితం మడిచి కూర్చుంది.

తర్వాతి వారం హాల్డెన్ ఆ కోత వద్దని ఓటేశాడు. ఆ కబురు ఫోనులో విన్న మార్లా చాలాసేపు ఏడ్చింది.