ఒక్క డోసు

"ఏం మేస్త్రీ, మీ బావ ఈ మధ్య ఎలా ఉన్నాడు?" అని అడిగాడు పెయింటరు.

కార్ల షెడ్డులో టీ తాగే వేళ అది. సొట్టలు తీసే మేస్త్రి సుత్తి పక్కన పెట్టి, గ్లాసు అందుకుని నవ్వాడు.

"ఎలా ఉంటాడు? బుద్ధిగా ఉన్నాడు. నన్ను చూస్తే చాలు, రోడ్డు దాటి అటు పక్కకి పోతాడు. ఒక్క డోసు పడింది కదా."

"అలాంటి డోసు మన మేనేజరుకి కూడా ఒకటి ఇవ్వకూడదూ, నీకు పుణ్యముంటుంది."

అందరూ నవ్వారు.

ఆ డోసు సంగతి షెడ్డులో తెలియనివాళ్ళు లేరు. ఆరు నెలల క్రితం చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చింది. భర్త బెల్టు తీశాడని చెప్పింది. అది మొదటిసారి కాదు. మర్నాడు పొద్దున్నే మేస్త్రి తిన్నగా బావ ఇంటి ముందే ఉన్న అతని చెప్పుల దుకాణానికి వెళ్ళాడు. కాలరు పట్టి నడివీధిలోకి ఈడ్చాడు. పెదవి చిట్లి, రెండు పళ్ళు ఊడేదాకా వదల్లేదు. ఒక్కరూ అడ్డుపడలేదు. "ఆడదాని మీద చెయ్యెత్తేవాడికి ఇదే మందు," అన్నారు. మనం అక్కడ ఉన్నా ఆ మాటే అనేవాళ్ళం.

బావ దండం పెట్టాడు. ఇక ముట్టుకోనన్నాడు. మేస్త్రి చేతులు దులుపుకుని అటునుంచి అటే పనిలోకి వచ్చేశాడు. ఆ తర్వాత చెల్లెలు ఏడుస్తూ ఫోన్ చెయ్యలేదు. మేస్త్రే చేస్తే, "బాగానే ఉన్నాను అన్నయ్యా, పొయ్యి మీద కూర మాడిపోతోంది," అని పెట్టేసేది. ఆ మాట విన్నప్పుడల్లా అతని ఛాతీ ఇంతైపోయేది.

టీ సగంలో ఉండగా ఫోన్ మోగింది. ఎవరో డాక్టరు.

"మీ చెల్లెలు మా ఆస్పత్రిలో ఉంది. కంగారుపడకండి. ఒకసారి వచ్చి వెళ్ళండి."

మేస్త్రి చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా వెళ్ళాడు. నెరిసిన జుట్టున్న డాక్టరమ్మ ఎదుట చెల్లెలు తల దించుకుని కూర్చుంది. ఎడమ చెవికి దూది పెట్టి ఉంది.

"చెంపదెబ్బకి కర్ణభేరి చిరిగింది," అంది డాక్టరమ్మ. "అప్పుడే వస్తే మానిపోయేది. చీము పట్టి లోపల పాడైంది. ఆపరేషన్ చేస్తాను గానీ, పోయిన వినికిడంతా తిరిగి రాదు."

మేస్త్రి చెల్లెలి వైపు తిరిగాడు. "ఎప్పుడు కొట్టాడు?"

"రెండు నెలలైంది."

"నాకు చెప్పొద్దూ?"

"చెబితే ఏం చేసేవాడివి?"

"చంపేసేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు."

ఆమె మెల్లగా చెప్పుకుపోయింది.

"నువ్వు కొట్టి వెళ్ళిన రాత్రి ఆయన ఏమన్నాడో తెలుసా? మీ అన్న నాకంటే బలవంతుడు కాబట్టి నేను పడ్డాను, నేను నీకంటే బలవంతుణ్ణి కాబట్టి నువ్వు పడు, అన్నాడు. నీకు చెబితే నువ్వు జైలుకి పోతావు. వదినా పిల్లలూ ఏమైపోవాలి? అందుకే నోరు మూసుకున్నాను."

మేస్త్రి విసురుగా లేచాడు.

"ఎక్కడికి?" అంది డాక్టరమ్మ.

"మిగిలిన పళ్ళు లెక్క చూడ్డానికి."

"కూర్చోండి. మీ చెల్లెలు నాకంతా చెప్పింది. అతను చెయ్యెత్తినప్పుడు మీరు పక్కనే ఉండి, ఆ చెయ్యి విరిచైనా ఆపి ఉంటే నేను తప్పనను. నేనైనా అదే చేస్తాను. మీరు వెళ్ళింది మర్నాడు. అప్పటికి ఆపడానికి దెబ్బేమీ లేదు. మీ కోపం ఉంది, దాన్ని తీర్చుకున్నారు."

"అయితే ఊరుకోమంటారా?"

"ఊరుకోమనలేదు. ఏం కావాలో ఆమెని అడగండి. కొట్టినాయనా అడగలేదు, కాపాడినాయనా అడగలేదు."

మేస్త్రి మళ్ళీ కూర్చున్నాడు. "చెప్పమ్మా, నన్నేం చెయ్యమంటావు?"

"ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళను. మీ ఇంట్లో కాస్త చోటు ఇవ్వు. సాయంత్రం స్టేషన్‌కి వెళ్ళి జరిగిందంతా నేనే చెబుతాను. ఆయన్ని ముట్టుకోనని మాటిస్తే నువ్వూ రా. లేకపోతే ఒక్కదాన్నే వెళ్తాను."

"ఈ మాట ఆ రోజే అని ఉంటే బాగుండేది కదమ్మా."

"అందామనే కూర్చున్నాను. పొద్దున్నే వస్తానని నువ్వు ఫోన్లో అన్నావని బట్టలు సంచిలో సర్దుకున్నాను. వీధిలో గోల వినపడింది. కొట్టాక లోపలికి వచ్చి, పద అంటావనుకున్నాను. నువ్వు దుకాణం దగ్గర్నుంచే వెళ్ళిపోయావు."

మేస్త్రి గ్రీజు చేతుల్లో మొహం దాచుకున్నాడు. షెడ్డులో ఇన్నాళ్ళూ చెప్పుకుని నవ్విన నవ్వంతా గుర్తొచ్చింది.

"కొట్టింది నీకోసమే అనుకున్నానమ్మా. నీకోసమే అయితే, వాడి మీద చెయ్యి వెయ్యకముందే నిన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేవాణ్ణి."