తీసేశానన్న మాట

వీధిలో అందరూ ఆమెని బొంతలమ్మ అనేవాళ్ళు. పసిపిల్లలకి మెత్తటి చిన్న బొంతలు కుట్టి, మూలన బిడ్డ పేరు రంగుదారంతో అల్లి, నెట్‌లో అమ్మేది. ముందుగదిలో కుట్టుమిషన్లు, నడవలో బట్ట తాన్లు, భోజనాల బల్ల మీద అట్టపెట్టెలు. ఇంట్లోవాళ్ళు పక్కకి తిరిగి నడవాల్సి వచ్చేది. ఆర్డర్లు పెరిగేకొద్దీ కుట్టడం కంటే జవాబులు చెప్పడమే పెద్ద పనైపోయింది. "రంగు దిగుతుందా?", "ఎప్పుడొస్తుంది?", "పేరులో దీర్ఘం మర్చిపోకండి" అంటూ ఫోను ఊపిరి పీల్చుకోనిచ్చేది కాదు. ఈ గోలలో కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయి మిషన్లు ఆగిపోయాక, ఇక ఒక మనిషిని పెట్టుకోక తప్పదనుకుంది.

"మనకే కాలు పెట్టే చోటు లేదు. ఆ వచ్చే మనిషిని అటక మీద కూర్చోబెడతావా?" అంది అత్తగారు, బొంతలు మడతపెడుతూ.

"ఇంటికి రాదత్తయ్యా. వేరే దేశంలో ఉండి చేస్తుంది. మనం నిద్రపోయే వేళకి వాళ్ళకి తెల్లారుతుంది. మనం లేచేసరికి సగం పని అయిపోయి ఉంటుంది."

"బాగుంది. పని అక్కడ, జీతం ఇక్కడ" అని అత్తగారు నవ్వింది.

ఫోను తెర మీద చాలామందిని చూశాక, ఒక అమ్మాయి నచ్చింది. మన భాషే. వంటింటి మూల కూర్చుని ఉంది, వెనకాల బట్టల మిషన్ గుడగుడలాడుతోంది.

"మా ఆయన ఉద్యోగానికని వచ్చామండీ. నాకిక్కడ పని దొరకలేదు. గోడలతో మాట్లాడీ మాట్లాడీ విసుగొచ్చేసింది. మీ కస్టమర్లు ఎంత విసిగించినా గోడలకంటే నయమే కదా!"

బొంతలమ్మ పకపకా నవ్వింది. మర్నాటి నుంచే పనిలోకి రమ్మంది.

వచ్చిన వారానికే ఆ అమ్మాయి "మేడమ్" అనడం మానేసి "అక్కా" అనడం మొదలుపెట్టింది. నెట్‌లో వచ్చే ఉత్తరాలకి జవాబులు, ఆర్డర్ల వరసలు, బిల్లుల గడువులు అన్నీ తనే చూసుకునేది. వాగుడుకాయ. ఒక్కోసారి బొంత రంగు అడిగిన వాళ్ళకి ఉయ్యాల ఎక్కడ కట్టాలో కూడా చెప్పేది. అత్తగారికి ఫోను చేసి, "మాత్ర వేసుకున్నారా, లేక కొంగున కట్టుకున్నారా?" అని అడిగేది. అత్తగారు మురిసిపోయి ఆమెకి "ఫోను కోడలు" అని పేరు పెట్టింది.

బొంతలమ్మ మురిపెం వేరు. చుట్టాల ఇళ్ళకి వెళ్ళినప్పుడు, "ఆ సంగతి మా అసిస్టెంటు చూసుకుంటుంది, ఫారిన్‌లో ఉంటుంది" అని ఒక మాట విసిరి, ఎదుటివాళ్ళ మొహాలు ఓరకంట చూసుకునేది.

అలా సాఫీగా సాగుతుండగా, ఒక టీవీ ఛానల్ వాళ్ళు ఆమె మీద కార్యక్రమం చేస్తామని వచ్చారు. దీపాలు, కెమెరాలు, తీగలు. "ఒంటిచేత్తో ఇంత వ్యాపారం ఎలా నడుపుతున్నారు?" అని అడిగితే, ఆమె సిగ్గుపడుతూనే, "ఏదో, కష్టపడతానండీ" అంది. బల్ల దగ్గర అత్తగారు మడతలు పెడుతూనే ఉంది. ఫోను కోడలి ఊసు ఎవరూ ఎత్తలేదు.

సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి దగ్గర్నుంచి అర్జెంటని ఎర్ర గుర్తు పెట్టిన వాయిస్ మెసేజ్ ఒకటి వచ్చింది. బొంతలమ్మ నొక్కింది. "అక్కా, మిగతావి వదిలెయ్యండి, ముందు ఇది..." అన్నంతవరకూ విన్నది. ఈలోగా కెమెరా అతను కుర్చీ కొంచెం ఇటు జరపమన్నాడు. "సరే" అని ఒక్క ముక్క టైపు చేసి ఫోను పక్కన పెట్టేసింది. మళ్ళీ దాని జోలికి పోలేదు.

కవలల తల్లి ఒకావిడ రెండు బొంతలు చెప్పి ఉంది, ఒక్కోదాని మీద ఒక్కో బిడ్డ పేరు. వాటికి బొంతలమ్మ తన చేత్తోనే రిబ్బను కట్టి, ఒకే పెట్టెలో పెట్టి పంపించింది.

పెట్టె అందిన రోజు మధ్యాహ్నం ఆవిడ ఫోను చేసింది. గొంతులో కోపం లేదు.

"రెండూ పంపారండీ" అంది.

"అవునండీ, నచ్చాయా?"

"కవలల్లో చిన్నది పోయిందండీ. ఒక్కటే పంపమని రాశాను కదండీ. అందిందనీ, మీకు చెబుతామనీ జవాబు కూడా వచ్చింది."

బొంతలమ్మకి ఎర్ర గుర్తు గుర్తొచ్చింది, "సరే" గుర్తొచ్చింది. తప్పు నాదేనండీ అనడానికి నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి వేరే మాట ఊడిపడింది.

"అయ్యయ్యో! మా అసిస్టెంటండీ... ఎక్కడో పరాయి దేశంలో ఉంటుంది. నాకు చెప్పనే లేదు. ఇలాంటి పనులు చేస్తోందనే ఆమెని తీసేశానండీ."

ఆవిడ "అలాగా" అని పెట్టేసింది.

బల్ల దగ్గర మడతలు ఆగిపోయాయి. "ఎప్పుడు తీసేశావు?" అంది అత్తగారు.

"ఊరికే అన్నానత్తయ్యా. ఆ క్షణంలో ఏమనాలో తోచలేదు. ఆ అమ్మాయికేం తెలుస్తుంది, ఎక్కడో ఉంది."

"కాలు జారితే తీసుకోగలం గానీ..." అని అత్తగారు సగంలో ఆపేసింది. మిగతా సగం బొంతలమ్మకీ తెలుసు.

ఆమె ఆలోచించనిది ఒకటే. నెట్‌లో వచ్చే ఉత్తరాలన్నీ ముందు చదివేది ఆ అమ్మాయే.

మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసుతో ఫోను తెరిస్తే, రోజూలాగే పనుల వరస ఉంది. దాని కింద, ఆ తల్లి రాసిన ఉత్తరం ఉంది. "దయచేసి ఆ అమ్మాయిని తిరిగి పెట్టుకోండి. నాకు కలిగిన దుఃఖానికి తోడు, నా మూలంగా ఒకరి పని పోయిందన్న బాధ కూడా మోయలేను. ఒక్కటే పంపమన్నప్పుడు ఆమె రాసిన నాలుగు మాటలు నాకు ఓదార్పుగా ఉన్నాయి." దాని కింద అమ్మాయి మాట: "అక్కా, నన్ను తీసేసినట్టు ఇది చదివాక తెలిసింది. ఇప్పటిదాకా వచ్చినవన్నీ సర్ది పెట్టాను. మామ్మగారి మాత్రలు ఈ వారంతో అయిపోతాయి, తెప్పించండి."

బొంతలమ్మ గ్లాసు కింద పెట్టి ఫోను చేసింది.

తెర మీద అమ్మాయి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నేనే చెప్పడం మర్చిపోయానేమోనని భయమేసిందక్కా. నా వాయిస్ మెసేజ్ నేనే మళ్ళీ విన్నాను. చెప్పాను. మీరు సరే అన్నారు కూడా."

కోపంగా అని ఉంటే బొంతలమ్మ ఏదో ఒకటి సర్దిచెప్పేది. ఆ పిల్ల తనని తానే అనుమానించుకుంది. ఆ మాటకి ఆమె తల వాలిపోయింది.

"నువ్వు చెప్పావు. నేను వినలేదు. నీ మీదకి తోసేశాను. నిన్ను తీసెయ్యలేదే తల్లీ, అదీ అబద్ధమే."

"ఆవిడకి ఈ సంగతి చెప్తారా?"

"చెప్తాను. నిజమే చెప్తాను. నువ్వు... నా తరఫున నాలుగు ముక్కలు రాసి పెట్టవూ, నీకు బాగా వచ్చు కదా..."

అలవాటు. అనేశాక గానీ ఆమెకి తెలియలేదు ఏమడిగిందో. తెర మీద అమ్మాయి రెప్ప వెయ్యకుండా చూసింది. ఈ గదిలో అత్తగారు లేచి లోపలికి వెళ్ళిపోయింది.

"ఇది నేను రాయలేను మేడమ్" అంది అమ్మాయి.

'మేడమ్' అన్న మాట చెంప మీద తగిలింది.

ఆ రోజే బొంతలమ్మ బస్సెక్కి, ఊరికి ఆ చివర ఉన్న ఆ తల్లి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. మూడో అంతస్తు. మెట్ల మీద తడి గొడుగులు ఆరేసి ఉన్నాయి. తలుపు తీసినావిడ భుజం మీద బిడ్డ నిద్రపోతోంది. బొంతలమ్మ గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పింది. మధ్యలో "టీవీ వాళ్ళు వచ్చి" అనబోయి, అది సాకులా వినిపించి, మింగేసింది.

ఆవిడ విని, "ఆ అమ్మాయి పని ఇంకా ఉందా?" అంది.

"ఉందండీ."

"అయితే చాలు."

"ఆ రెండోది... నేను తీసుకెళ్ళిపోతానండీ. మీ కళ్ళ ముందు ఎందుకు."

ఆవిడ బిడ్డని ఇంకాస్త దగ్గరకి హత్తుకుంది. "వద్దు. నిన్న దాన్ని చింపేద్దామనుకున్నాను. చేతులు రాలేదు. నా చిన్నదాని పేరు ఇంకెక్కడా లేదు, ఆ బొంత మీద తప్ప. అలాగని మీరేదో మంచి చేశారనుకోకండి."

"అనుకోనండీ" అంది బొంతలమ్మ. ఆవిడ కూర్చోమనలేదు. తలుపు మెల్లగా వేసింది, బిడ్డ లేవకుండా.

అమ్మాయి వెంటనే మానెయ్యలేదు. పనిలో ఒక్క లోటూ రానివ్వలేదు. అత్తగారితో మునుపటిలాగే పరాచికాలాడేది. బొంతలమ్మతో మాత్రం "అలాగే మేడమ్", "పంపాను మేడమ్". ఆ పిలుపు వినలేక బొంతలమ్మ జీతం పెంచుతానంది. "వద్దు మేడమ్, మాట్లాడుకున్నదే చాలు" అంది. కొన్నాళ్ళకి అక్కడే ఏదో ఆఫీసులో పని దొరికిందని చెప్పి, పద్ధతిగా సెలవు తీసుకుంది. ఆ రోజు అత్తగారు ఫోను పట్టుకుని చాలాసేపు కళ్ళు తుడుచుకుంది.

మళ్ళీ మనిషి కావాలి. మళ్ళీ తెర మీద మొహాలు. ఒకావిడకి అనుభవం ఉంది, చురుగ్గా ఉంది. అన్నీ కుదిరాయనుకుంటుండగా ఆమె అడిగింది:

"మీ దగ్గర ఇంతకుముందు చేసినామె ఎందుకు మానేశారండీ?"

వేరే పని దొరికిందని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు. బొంతలమ్మ బల్ల వైపు చూసింది. అత్తగారు తల ఎత్తకుండా బొంత అంచు సరిచేస్తోంది.

"నా తప్పు ఒకటి ఆమె మీద వేశానండీ" అని, జరిగింది జరిగినట్టు చెప్పింది. చెబుతున్నంతసేపూ చెవులు వేడెక్కిపోయాయి.

ఆమె శ్రద్ధగా విని, "ఆలోచించుకుని చెప్తానండీ" అంది.

మళ్ళీ ఫోను చెయ్యలేదు.