అందరూ వెనక్కి తిరగండి

వంతెన కొట్టుకుపోయిన వరద తర్వాత అయిదో ఏడు ఇది జరిగింది. ఆ వీధిలో కాలానికి లెక్క అదే. పిల్ల పుట్టినా, ముసలివాళ్ళు పోయినా, వరదకు ముందో వెనకో చెప్పుకుంటారు.

ఒక బుధవారం పొద్దున ఏడు గంటలకు నర్సమ్మ పాలగిన్నె చేత్తో పట్టుకుని తాళాల తాత కొట్టు ముందుకు పరుగెత్తుకొచ్చింది.

"తాతా, తాళంచెవి మురుగుకాలవలో పడిపోయింది. అమ్మ లోపల ఉంది. ఎనిమిదింటికి నాకు డ్యూటీ."

తాత పెట్టె తీసుకుని లేచాడు. మనవరాలు వెనకే నడిచింది.

నర్సమ్మ తల్లిని వీధంతా మామ్మ అంటారు. మామ్మకు మతిమరుపు జబ్బు. కూతురి పేరు మరిచిపోయింది. తిన్నదీ మరిచిపోతుంది. నడక ఒక్కటే మరవలేదు. తలుపు తీసి ఉంటే చాలు, పోతుంది. అందుకని నర్సమ్మ ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు బయట తాళం వేసి, చెవి టైలరు భార్య చేతిలో పెట్టి వెళ్తుంది. మధ్యాహ్నం ఆవిడ తలుపు తీసి, మామ్మకు అన్నం పెట్టి, మళ్ళీ తాళం వేస్తుంది. మనిషిని లోపల పెట్టి తాళమేమిటని అనేవాళ్ళున్నారు. అన్నవాళ్ళలో ఒక్కరూ వచ్చి ఒక పూట కాపలా కూర్చోలేదు.

తలుపు ముందు నలుగురు పోగయ్యారు. తాత పెట్టె దించి, రోజూ చెప్పే మాటే చెప్పాడు.

"అందరూ వెనక్కి తిరగండి."

అది ఆయన పద్ధతి. చెవి లేకుండా తాళం తీసేటప్పుడు ఎవరూ చూడకూడదు. ఇంటివాళ్ళైనా సరే. పిల్లలు ఆయనకు వెనక్కితిరుగు తాత అని పేరు పెట్టుకున్నారు.

నోట్లో నువ్వుగింజ నానని టైలరు వెనక్కి తిరుగుతూనే అన్నాడు: "రోజూ నా కొట్టు ముందు కూర్చుని నేను సూదిలో దారం ఎక్కించడం చూస్తావు కదా తాతా, నేనేనాడైనా తిరగమన్నానా?"

"నీ సూదితో ఇంకొకళ్ళ ఇల్లు తెరుచుకోదు" అన్నాడు తాత. ఆ పూటకు ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే.

మనవరాలు ఒక్కతే తిరగనక్కర్లేదు. తాతకు చూపు తగ్గింది. ఆమె ఫోను దీపం వేసి పట్టుకుంటుంది.

"తాతా, నా చదువు కోసం వీడియో తీస్తున్నా."

"ఊఁ."

ఆయన అన్నిటికీ ఊఁ అంటాడు. ఇరవై సెకన్లలో తాళం చేతిలోకి వచ్చింది. తలుపు తెరిచేసరికి మామ్మ గడప దగ్గరే నిలబడి ఉంది, ఎక్కడికో బయల్దేరినట్టు ఆకుపచ్చ శాలువా కప్పుకుని.

తిరిగి వచ్చేటప్పుడు తాత అడిగాడు. "అది ఎవరు చూస్తారు?"

"మా మేడమ్. చూసి మార్కులు వేస్తారు."

అది సగం నిజం. చదివేవాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పూర్తి అబద్ధాన్ని ఎవరో ఒకరు పట్టుకుంటారు. సగం నిజానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఆ పిల్ల యూనివర్సిటీలో డిజిటల్ కంటెంట్ చదువుతోంది. అంటే ఫోనులో జనం చూసే వీడియోలు ఎలా తయారు చేయాలో నేర్పే చదువు. ఆఖరి ఏడు. 'మీ ఇంటి చేతిపని' మీద మూడు నిమిషాల వీడియో చేసి, లోకమంతా చూసేలా పెట్టాలి. నూటికి నలభై మార్కులు ఎంతమంది చూశారన్న దాని మీదే. గడువు ఆ పై వారం గురువారం. ఆమె అంతకుముందు తాత చెవులు అరగదీయడం తీసి పెట్టింది. నూట పన్నెండు మంది చూశారు. అందులో సగం తోటి విద్యార్థులు, మిగతా సగం టైలరు. మొదటి మూడు సెకన్లలో, తెర తోసుకుపోయే బొటనవేలు ఆగిపోవాలి అని క్లాసులో చెప్పారు. ఆగలేదు.

ఆమె చెడ్డది కాదు. తల్లీతండ్రీ లేని పిల్లను ఆ చేతులే పెంచాయి. ఆ చేతుల్ని నలుగురూ చూడాలని ఆశపడింది. వీడియోకు 'ఇరవై సెకన్లు చాలు' అని పేరు పెట్టింది.

నాలుగో రోజుకు రెండు లక్షల మంది చూశారు. మేడమ్ మెచ్చుకున్నారు. గురువారం తాతను క్లాసుకు తీసుకురా, సన్మానం చేద్దాం అన్నారు. వీడియో కింద ఎవరెవరో రాశారు. మా ఇంటి తాళమూ ఇదే అని ఒకరు. నేనూ చేశాను, వచ్చేసింది అని ఇంకొకరు. ఆమె అవి చదివి పొంగిపోయింది. అవి పొగడ్తలు కావని ఆమెకు తట్టలేదు.

తాతకు తెలిసి ఎవరికీ చెప్పనిది ఒకటుంది. వరదలో ఆ వీధి తాళాలన్నీ తుప్పుపట్టి పోయాయి. నీళ్ళు తీశాక ఇనప సామాన్ల కొట్టువాడు ఒక లారీడు తాళాలు తెప్పించాడు. అన్నీ ఒకే రకం. వీధంతా అవే కొనుక్కుంది. మూడు నెలలు తిరక్కుండానే తాతకు వాటి లోపం తెలిసింది. కొక్కెం పక్కన వెంట్రుకవాసి సందు ఉంది, కిటుకు తెలిస్తే చెవి లేకుండానే ఎవరైనా తీయొచ్చు. చెబితే భయపడతారు, చెప్పకపోతే హాయిగా నిద్రపోతారు అనుకున్నాడు. అయిదేళ్ళు నోరు మెదపలేదు.

మరుసటి బుధవారం మధ్యాహ్నం టైలరు భార్య అన్నం గిన్నెతో వెళ్ళేసరికి తలుపు బార్లా తీసి ఉంది. తాళం మెట్టు మీద ఉంది. దాని మీద గీత కూడా పడలేదు. మామ్మ లేదు.

"అయ్యో, మామ్మ పోయిందర్రా!" అని ఆవిడ పెట్టిన కేకకు వీధి వీధంతా బయటికొచ్చింది.

పైన మబ్బు కమ్మి ఉంది. ఎగువన వానలు పడి మూడు రోజులుగా ఏరు నిండుగా పోతోంది. మగవాళ్ళు బస్టాండు వైపు కొందరు, సంత వైపు కొందరు పరుగెత్తారు. నర్సమ్మ ఆసుపత్రి నుంచి తెల్లబట్టల్లోనే వచ్చింది. "చెవి నీ దగ్గరే ఉందిగా అక్కా, ఎవరికైనా ఇచ్చావా?" అని టైలరు భార్యను పట్టుకుని అడిగింది. ఆవిడ కొంగుముడి విప్పి, తాత చేసిచ్చిన కొత్త చెవి చూపించింది. చూపిస్తూ ఏడ్చింది.

మనవరాలు అప్పుడే యూనివర్సిటీ నుంచి వచ్చింది. ఆమె ఫోను మోగింది. ఆమె వీడియోకు జవాబుగా ఎవరో ఇంకో వీడియో పెట్టారు. 'మీ తాతకంటే రెండు సెకన్లు ముందే!' అని పైన రాసి ఉంది.

తెరిచి చూసింది. తన వీడియోలో కనిపించిన నర్సమ్మ ఇంటి తలుపే. ఎవరివో లేత చేతులు. పద్దెనిమిది సెకన్లు. తాళం ఊడింది. నవ్వులు. అంతలో తలుపు కదిలింది. "లోపలెవరో ఉన్నార్రా, పద పద!" పరుగు. ఊగిపోతున్న చివరి బొమ్మలో ఆకుపచ్చ శాలువా గడప దాటి ఎడమవైపు తిరిగింది.

ఎడమవైపంటే పాత వంతెన దారి. అటు ఎవరూ వెళ్ళలేదు.

 వీడియో చూపిస్తే ఇదంతా ఎక్కడ మొదలైందో వీధికి తెలిసిపోతుంది. చూపించకపోతే? తానొక్కతే అటు పరుగెత్తి, వెతుకుతుంటే కనిపించిందని చెప్పొచ్చు. అలా కూడా అనుకుంది. పిరికితనానికి తెలివితేటలు ఎక్కువ. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, తాత చేతిలో ఫోను పెట్టింది.

తాత చూశాడు. మొదట ఆ లేత చేతుల్ని. తర్వాత ఆమె చూపిస్తే తన చేతుల్ని.

"మేడమ్ ఒక్కరే చూస్తారన్నావు."

ఆమె రెండో వీడియోను చివరి బొమ్మ దగ్గర ఆపి చూపించింది.

"ఎటు పోయింది?"

"ఎడమకి."

తాత పెట్టె అక్కడే వదిలేసి నడిచాడు. ఆ వయసులో అంత వేగంగా నడుస్తాడని ఎవరూ అనుకోలేదు. జనం వెంటబడ్డారు.

పాత వంతెన ఇప్పుడు ఇటువైపు సగమే ఉంది. అడ్డంగా ఒక కర్ర కట్టారు, అంతే. ఆ కర్ర అవతల, వంతెన తెగిన చోటికి నాలుగడుగుల దూరంలో మామ్మ నిలబడి ఉంది. ఆమె మనసులో వంతెన ఇంకా పూర్తిగానే ఉంది. ముప్పై ఏళ్ళు ఆ వంతెన మీదుగానే నూలుమిల్లుకు పనికి వెళ్ళింది.

"అమ్మా!" అని నర్సమ్మ అరిచింది. మామ్మ ఆ గొంతుకు బెదిరి ఒక అడుగు ముందుకు వేసింది.

అప్పటికే చుట్టూ పది ఫోన్లు లేచాయి. ఒకడు బాగా కనపడాలని అడ్డుకర్ర ఎక్కాడు. ఇంకొకడు "ఇటు చూడు మామ్మా!" అని కేకేశాడు. మామ్మ ఇంకో అడుగు వేసింది.

"అందరూ వెనక్కి తిరగండి!"

తాత గొంతు అంత పెద్దదని ఆ వీధికి అప్పుడే తెలిసింది.

"ఆ ఫోన్లు జేబులో పెట్టి తిరగండి. ఫోను తనంతట వెనక్కి తిరగదు. మీరే తిప్పాలి."

అలవాటున్న మాట. ఒక్కొక్కరే తిరిగారు. టైలరు అడ్డుకర్ర ఎక్కినవాణ్ణి చొక్కా పట్టి దించి తిప్పాడు. నర్సమ్మ పళ్ళు బిగబట్టి తిరిగింది. ఏటి హోరు ఒక్కటే మిగిలింది.

తాత కర్ర కింద నుంచి వంగి దూరాడు. దగ్గరకు పోలేదు. వీధిలో ఎదురుపడ్డ మనిషిని పలకరించినట్టు మెల్లగా అడిగాడు.

"ఏమ్మా, పనికా? ఇంటికి తాళం వేశావా?"

మామ్మ ఆగింది. చెయ్యి నడుం దగ్గరికి పోయింది. తడుముకుంది.

"వేశాననుకుంటా" అంది. మళ్ళీ తడుముకుంది. "అయ్యో, చెవి లేదే!"

"మరి వెళ్ళి చూసుకో. మిల్లు ఎక్కడికీ పోదు."

"నిజమే నాయనా. తలుపు తీసి పెట్టి వచ్చానేమో" అంటూ మామ్మ వెనక్కి తిరిగింది. నాలుగడుగులు, అయిదడుగులు. తాత కర్ర ఎత్తి పట్టుకున్నాడు. ఆమె వంగి ఇవతలికి వచ్చాక నర్సమ్మ తల్లిని వాటేసుకుని నేల మీద కూలబడింది.

సాయంత్రం నర్సమ్మ ఇంటి అరుగు దగ్గర వీధంతా చేరింది. మనవరాలు తనే జరిగింది మొత్తం చెప్పింది.

"నీ మార్కులకు మా అమ్మే దొరికిందా?" అంది నర్సమ్మ. కేక వేయలేదు. వేసి ఉంటే బాగుండునని ఆ పిల్లకు అనిపించింది.

"తీసేస్తానక్కా."

"తీస్తే నలభై మార్కులు పోతాయి కదే" అన్నాడు టైలరు. "మళ్ళీ ఏడాది చదవాలేమో."

"చదువుతాను బాబాయ్." అందరి ముందూ నొక్కింది. రెండు లక్షల డెబ్భై వేలు అన్న అంకె మాయమైంది.

"ఇంకేం, పీడా పోయింది" అన్నారెవరో.

"పోలేదు" అన్నాడు తాత.

అందరూ ఆయన వైపు చూశారు.

"పెదవి దాటితే పృథివి దాటినట్టే. చూసినవాళ్ళు చూశారు. దాచుకున్నవాళ్ళు దాచుకున్నారు. మీ అందరి ఇళ్ళకూ అదే తాళం. దానికి లోపం ఉందని నాకు అయిదేళ్ళ నుంచీ తెలుసు."

"అయిదేళ్ళా! ఒక్కనాడైనా ఊఁ అన్నావా తాతా?" అన్నాడు టైలరు.

"ఊఁ అనే బతికాను. అదే తప్పు." తాత చేతులు చూసుకున్నాడు. "దీన్నొక్కదాన్నే తిట్టకండి. చెప్పకూడనిది ఇది లోకానికి చెప్పింది. చెప్పాల్సింది నేను ఇంటివాళ్ళకు చెప్పలేదు. ఇది నోరు మూసుకుని ఉంటే మామ్మ ఇల్లు కదిలేది కాదు. నేను నోరు తెరిచి ఉన్నా కదిలేది కాదు."

నర్సమ్మ లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల మంచినీళ్ళు తెచ్చింది. ఒకటి తాతకిచ్చింది. కాసేపు ఆగి రెండోది ఆ పిల్లకిచ్చింది.

మర్నాడు గురువారం. సన్మానానికి తాత వెళ్ళలేదు. తెల్లవారగానే రేకు పరిచి, సందు మూసే బిళ్ళలు వీధి ఇళ్ళకు సరిపడా కత్తిరించాడు. పెట్టె తీసుకుని నర్సమ్మ గడప దగ్గర మొదలుపెట్టాడు. మనవరాలు దీపం పట్టుకుంది. అది ఫోను కాదు, ఉత్త టార్చిలైటు. తాతను చూడగానే నర్సమ్మా, టైలరూ అలవాటు కొద్దీ గోడవైపు తిరిగారు.

"ఇటు తిరగండి" అన్నాడు తాత. "ఇది మీ ఇల్లు. లోపం ఎక్కడుందో మీరు చూడాలి. ఎవరి ఇంటి లోపం వాళ్ళకు చూపించాలి, ఊరికి కాదు."